ఆ లెన్సును సరిచేసింది నేనే

నేను ఆడిన అబద్ధం రెండే మాటలు. ఆడడానికి క్షణం కూడా పట్టలేదు. మోయడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్ల దగ్గర చాలాసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "ఓస్, లెన్సే కదా" అంటారేమోనని భయం. అలా అనేస్తే నాకు హాయిగా అనిపిస్తుందేమోనని అంతకంటే భయం. అందుకే మీకు చెబుతున్నాను. మొదటినుంచీ చెబుతాను. కొంచెం ఓపిక పట్టండి.

నేను యూనివర్సిటీలో ఫిజిక్స్ వాళ్ల ఆప్టిక్స్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. కటకాలు తుడవడం, పరికరాలు విప్పి బాగుచేయడం, ప్రాక్టికల్స్‌కి బల్లలు సిద్ధం చేయడం నా పని. చేతిపని బాగా వచ్చు. గొప్పకి చెప్పడం లేదు. నా తప్పు అక్కడే మొదలైంది కాబట్టి చెబుతున్నాను.

మా అమ్మ లేడీస్ హాస్టల్ మెస్సులో వంట చేసేది. మేము మాణికేశ్వర్ నగర్‌లో ఉండేవాళ్లం. ఆ హాస్టల్‌కి చాలా ఏళ్లు వార్డెన్‌గా ఉన్నది శారద మేడమ్. జాగ్రఫీ చెప్పేవారు. వాళ్లది తెనాలి వైపు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక తార్నాకలో ఒక సందులో, రెండో అంతస్తులో, రెండు గదుల ఫ్లాట్‌లో ఒక్కరే ఉండేవారు. నేను ఐటీఐలో చేరడానికి ఫారం నింపింది ఆవిడే. ల్యాబ్‌లో ఖాళీ ఉందని కబురు చేసిందీ ఆవిడే. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నేను అన్యాయం చేసింది ఎవరికో పరాయి మనిషికి కాదు.

మేడమ్‌కి ఫోటోలు తీయడం ప్రాణం. ఆవిడది పాత రేంజ్‌ఫైండర్ కెమెరా, రీలు వేసి తీసేది. ఇందులో ఒక సంగతి మీకు తెలియాలి. ఆ కెమెరాలో మనం లెన్సులోంచి చూడం. పక్కన ఉన్న చిన్న అద్దపు కిటికీలోంచి చూస్తాం. మనిషి రెండుగా కనిపిస్తాడు. రింగు తిప్పుతుంటే ఆ రెండు బొమ్మలూ దగ్గరికి జరిగి ఒకటవుతాయి. అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. కానీ లెన్సు నిజంగా ఏం చూసిందో, రీలు కడిగించేదాకా ఎవరికీ తెలియదు.

ఆ కెమెరాకి ఆవిడ వాడేది ఒకే ఒక్క లెన్సు. వెలుతురును బాగా లోపలికి తీసుకునే రకం, చీకటి వంటింట్లో కూడా ఫ్లాష్ అక్కర్లేదు. కానీ పూర్తిగా తెరిచి తీస్తే దాని వంకరలన్నీ బయటపడేవి. అంచులు కరిగిపోయేవి. వెనకున్న దీపాలు గుండ్రంగా కాక, గుడ్ల ఆకారంలో సాగి, సుడి తిరిగినట్టుండేవి. తెల్లచీర చుట్టూ పల్చటి పొగ పట్టినట్టు వెలుగు. వీటన్నిటికంటే పెద్ద లోపం ఒకటుంది. కిటికీలో కళ్ల మీద కుదిరిన ఫోకస్ రీలు మీద ముక్కు కొస మీద పడేది. అంగుళం ముందుకు.

మేడమ్ ఆ అంగుళాన్ని నేర్చుకున్నారు. రెండు బొమ్మలూ కలిశాక, ఊపిరి బిగబట్టి, ఒంటిని అంగుళం ముందుకు వంచి అప్పుడు మీట నొక్కేవారు. అంతే, కళ్లు స్పష్టం. ముప్పై ఏళ్ల అలవాటు. అలా వంగుతున్నట్టు ఆవిడకే తెలిసేది కాదు. ఎవరినైనా పలకరించబోతూ కాస్త ముందుకు వంగుతాం చూడండి, అలా ఉండేది.

ఒకసారి నేను దాని లోపాలన్నీ ఏకరువు పెట్టి, ఇంతకంటే మంచి లెన్సులు వచ్చాయి కదా అన్నాను. ఆవిడ నవ్వారు.

"వచ్చాయిలే. అన్నీ కనిపించే లెన్సు మనిషి ముఖాన్ని తనిఖీ చేస్తుందే. ఇది పలకరిస్తుంది."

ఆ లెన్సుతో ఆవిడ తీసింది కొండలూ కోనలూ కాదు. హాస్టళ్లలో వంట చేసేవాళ్లని, ఊడ్చేవాళ్లని, గేటు దగ్గర కూర్చునేవాళ్లని. ఒక్కొక్కరికీ ఒక ప్రింటు తీయించి ఇచ్చేవారు. చాలామందికి ఆధార్ కార్డు మీదది కాకుండా ఉన్న ఫోటో అదొక్కటే. మా అమ్మదీ ఒకటి తీశారు. మెస్సు కిటికీ దగ్గర, అన్నం గుండిగ పక్కన. అమ్మ కళ్లు, కనుబొమల మీది చెమట చుక్క తప్ప తక్కినదంతా ఆవిరిలో కలిసిపోయి ఉంటుంది. అమ్మ ఉన్నన్నాళ్లూ నేను ఆ ఫోటోలో అంచుల మసకను లెక్కపెట్టేదాన్ని. ఆమె పోయాక గానీ తెలియలేదు, అమ్మ నావైపు చూసినప్పుడు నాకూ అలాగే ఉండేదని. కళ్లు తప్ప ఇంకేమీ కనిపించేది కాదని.

ఇది ముందే తెలిసి ఉంటే ఆ పని చేసేదాన్నా? తెలియదు. బహుశా చేసేదాన్నేమో. ఎందుకో కింద చెబుతాను.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. లెన్సు లోపల బూజు పట్టింది. మేడమ్ దాన్ని కెమెరాతో సహా మెత్తటి గుడ్డలో చుట్టి ల్యాబ్‌కి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"బూజు తుడువు. అంతే. ఇంకేం ముట్టుకోకు. దాని వంకరలు దానికి ఉండనీ."

ముట్టుకోకు. ఆవిడ ఏ ఉద్దేశంతో అన్నారో నాకు తెలుసు. అమ్మ చేతి వంట తిన్న మనిషి, అమ్మ జ్వరంతో పడుకుంటే మా ఇంటికొచ్చి చాప మీద కూర్చున్న మనిషి. కానీ ఆ మాట మా ఇళ్లలో పెరిగినవాళ్ల చెవిన ఇంకోలా పడుతుంది. చిన్నప్పుడు అమ్మ వెంట ఎవరెవరి ఇళ్లకో పోయి విన్న మాట అది. ఆవిడ మెట్లు దిగిపోయాక కూడా నాలో ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. నాకు చేతకాదనుకున్నారా అనుకున్నాను. ఇది నిజమైన కారణమా, ఇప్పుడు వెతుక్కుంటున్న సాకా? ఎన్నిసార్లు అడిగినా నాకు ఒకే జవాబు రావడం లేదు.

మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉంది. లెన్సు విప్పాను. బూజు తుడిచాను. అక్కడితో ఆగిపోవాల్సింది. లోపల, కటకాల గొట్టానికీ దాన్ని పట్టి ఉంచే భాగానికీ మధ్య పల్చని ఇత్తడి రింగులు రెండు కనిపించాయి. ఒకటి ఎక్కువ. ఆ రింగు వల్లే ఫోకస్‌లో ఆ అంగుళం తేడా. ఎప్పుడో ఎవరో మెకానిక్ వేసి ఉంటాడు. చూడగానే అర్థమైంది. ఆ అర్థమవడంలో ఎంత సంతోషమో మీకెలా చెప్పను! ముప్పై ఏళ్లుగా ఎవరూ కనిపెట్టని తప్పును నేను కనిపెట్టాను. రింగు తీసేశాను. బిగించి, కెమెరాలో రీలు ఉండే చోట బొమ్మ పడే గరుకు అద్దం పెట్టి, గోడకి గీతల కాగితం అంటించి పరీక్షించాను. కిటికీలో ఎక్కడ కుదిరిందో సరిగ్గా అక్కడే పడింది. అంతా కలిపి పది నిమిషాల పని.

ఆవిడకి చెప్పి ఆశ్చర్యపరచాలనుకున్నాను. నిజం. మర్నాడు ఆవిడ వచ్చేసరికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. కానీ ఆవిడ లెన్సును వెలుతురుకి పట్టి చూసి, నేను నోరు తెరిచే లోపే అడిగారు.

"ఇంకేం ముట్టుకోలేదు కదా?"

"లే మేడమ్."

"బూజు ఒక్కటే తుడిచావా?"

"గంతే మేడమ్. అద్దాలు తుడిచి మల్ల బిగించిన."

"బంగారు తల్లివి" అని నా చెయ్యి నొక్కి వెళ్లిపోయారు.

ఆ ప్రశ్నలో అనుమానం లేదు. ఊరికే అడిగారు. అవును మేడమ్, ఒక రింగు తీసిన, మీరు ఇగ ముందుకు వంగద్దు అంటే సరిపోయేది. కోప్పడేవారు. మళ్లీ వేయించుకునేవారు. అంతకుమించి ఏమయ్యేది? కానీ ఆ క్షణంలో నాకు కనిపించింది ఒక్కటే. వద్దన్నా ముట్టుకున్న పిల్లని అవుతాను. అది కాకూడదనుకున్నాను.

తర్వాతి రీలు కోఠీలో కడిగించుకొచ్చారు. అందులో ఉన్నది యాదమ్మ, మా అమ్మ తర్వాత మెస్సులో పెద్ద వంటమనిషి. ఆ నెలలోనే పని మానేసి ఊరికి పోతోంది. ఫోటో కావాలని ఆమే అడిగింది. ప్రింట్లు ఇచ్చేటప్పుడు నేనూ మెస్సులోనే ఉన్నాను. యాదమ్మ ఫోటోను దూరంగా పట్టుకొని చూసింది, దగ్గరగా పెట్టుకొని చూసింది.

"గిదేంది మేడమ్, కమ్మలైతే మంచిగ వడ్డయి. నా కండ్లేడివి?"

అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వారు. నేను ఫోటో అందుకొని చూశాను. చెవుల దుద్దుల మీద చెక్కడం గీత గీతా కనిపిస్తోంది. కళ్లు మసక. నాకు తప్ప ఆ గదిలో ఎవరికీ అర్థం కాలేదు. లెన్సు ఇప్పుడు సరిగ్గా ఉంది. ఆవిడ పాత అలవాటున ముందుకు వంగుతున్నారు. ఆ అంగుళం ఇప్పుడు కళ్లను దాటి వెనక్కి పోతోంది.

ఇంకో రీలు. ఇంకొకటి. అన్నిట్లోనూ చెవులు, జడలో పూలు. కళ్లు లేవు. మూడో రీలు ప్రింట్లు తన బల్ల మీద పరిచి మేడమ్ నన్ను పిలిచారు. నేను తార్నాకలో ఆ మెట్లు ఎక్కాను. ఈసారి చెప్పేద్దామనే వెళ్లాను. నమ్మండి.

ఆవిడ ముందుగా నన్ను అడిగింది లెన్సు గురించే. లెన్సులో ఏమైనా తేడా వచ్చి ఉంటుందా అని. నేను దాన్ని చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి, చూసినట్టు నటించాను. మంచిగనే ఉంది మేడమ్ అన్నాను. అది అబద్ధం కూడా కాదు. మంచిగనే ఉంది. పుట్టినప్పుడు ఎంత మంచిగా ఉందో అంత మంచిగా ఉంది.

"నువ్వు చెప్పాక ఇంకేముంది" అన్నారు ఆవిడ నెమ్మదిగా. "అయితే నేనే."

తర్వాత వాళ్ల అమ్మ సంగతి చెప్పారు. ఆ తల్లి చివరి రోజుల్లో కన్నబిడ్డల్నీ గుర్తుపట్టలేదట. కానీ అది మతిమరుపుతో మొదలవలేదట, చేత్తో మొదలైందట. కాఫీ గ్లాసులో పోయబోతే పక్కన పడేదట. "గ్లాసు కనిపించక కాదే. చెయ్యి అంగుళం తప్పేది. మొదట అందరం నవ్వాం" అన్నారు. అని ప్రింట్ల మీద వేలు పెట్టి, కంటికీ చెవికీ మధ్య దూరం చూపించారు.

అప్పుడైనా చెప్పాలి కదా? ఆ వేలు అక్కడ ఉండగానే చెప్పాలి కదా? చెప్పలేదు. ముందు అడిగినప్పుడు వద్దన్నా ముట్టుకున్న పిల్లని అయ్యేదాన్ని. ఇప్పుడు చెబితే నెల రోజులుగా ఈ మనిషిని ఇలా చూస్తూ ఊరుకున్నదాన్ని అవుతాను. అబద్ధం వయసు పెరిగేకొద్దీ చెప్పాల్సింది ఎక్కువవుతుంది. ఇది నాకు అప్పుడే తెలిసింది.

అందుకని తెలివైన పని అనుకొని ఇంకో ఘోరం చేశాను. నిజానికి ఇదే పెద్దది. ఇది ఇప్పటిదాకా నాలో నేను కూడా గట్టిగా అనుకోలేదు.

ఆ ఆదివారం మళ్లీ వెళ్లి, లెన్సు మీద దుమ్ము ఉంది, తుడిచి తెస్తానని తీసుకెళ్లాను. సోమవారం ల్యాబ్‌లో ఆ ఇత్తడి రింగును యథాస్థానంలో వేసి బిగించాను. సాయంత్రం ఇచ్చేశాను. ఇక మేడమ్ ఎప్పటిలా ముందుకు వంగుతారు, కళ్లు ఎప్పటిలా పడతాయి, ఆ మూడు రీళ్లూ ఏదో పీడకలలా పోతాయి. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

నాకు తెలియనిది ఏమిటంటే, సరిగ్గా ఆ వారంలోనే మేడమ్ తన ఒంటిని కట్టడి చేసుకున్నారు. తాను ఊగుతున్నానని, ఆ ఊగడం వల్లే ఫోటోలు చెడుతున్నాయని ఆవిడకి అనిపించింది. వీపు కుర్చీకి ఆనించి, మోచేతులు బల్ల మీద గట్టిగా మోపి, కదలకుండా తీయడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ల అలవాటును పట్టుదలగా చంపుకున్నారు. నేను రింగు తీసేసిన లెన్సుకి అదే సరైన పద్ధతి. నేను మళ్లీ పాతలా చేసిన లెన్సుకి అదే తప్పు.

నాలుగో రీల్లో అందరికీ ముక్కులు స్పష్టంగా ఉన్నాయి. ముక్కుపుడకలు మెరుస్తున్నాయి. కళ్లు మసక.

ఆవిడ ఈసారి నన్ను పిలవలేదు. నేనే వెళ్లాను. ప్రింట్లు కవర్లో పెట్టి పక్కన పడేసి ఉన్నాయి. మొన్నటిదాకా వెనక్కి తప్పేది, ఇప్పుడు ముందుకి తప్పుతోంది, అంత కదలకుండా కూర్చున్నా తప్పుతోంది, ఇక అనుమానం లేదు అన్నారు. ఏడవలేదు. పాఠం ముగించినట్టు చెప్పారు. కెమెరా, లెన్సు రెండూ నా చేతుల్లో పెట్టారు. నాకంటే బాగా చూసుకునేవాళ్లు ఎవరూ ఉండరట.

తీసుకున్నాను. అవును, తీసుకున్నాను.

డాక్టరు దగ్గరికి నేనే తోడు వెళ్లాను. స్కానింగులో ప్రత్యేకంగా ఏమీ లేదన్నాడు, వయసు కదా, గమనిస్తూ ఉండండి అన్నాడు. ఆ "గమనిస్తూ ఉండండి" ఆవిడకి సరిపోయింది. తనను తాను గమనించుకోవడం మొదలుపెట్టారు. గ్లాసులో నీళ్లు పోసేటప్పుడు ఆగి చూసేవారు. సామాన్ల డబ్బాల మీద చీటీలు అంటించారు. స్కూటీ అమ్మేశారు. రోజూ పొద్దున క్యాంపస్‌లో నడిచే మనిషి, దారి తప్పుతానేమోనని మానేశారు. దారి ఎప్పుడూ తప్పలేదు. ఒక్కసారి కూడా. ఏడాది తిరిగేసరికి తార్నాక ఇల్లు ఖాళీ చేసి, వనస్థలిపురంలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు. వాళ్లు మంచివాళ్లే. ప్రేమగా చూసుకున్నారు. పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఒంటరిగా గేటు దాటనిచ్చేవారు కాదు.

ఐదేళ్లకి ఆవిడకి నిజంగానే మరుపు మొదలైంది. అది ఎలాగూ వచ్చేదేనేమో. వాళ్లమ్మకి వచ్చింది కదా, రక్తంలో ఉందేమో. ఈ మాటను నేను ఎన్నో రోజులు నాలుక కింద చప్పరించాను. కానీ ఆ ఐదేళ్లో? ఆ ఐదేళ్లూ ఆవిడ ఆరోగ్యంగానే ఉన్నారు. రోగిలా బతికారు. ఇంకా ఎన్ని మెస్సుల్లో ఎన్ని ముఖాలు తీసేవారో. గేటు దగ్గర ఎంతమంది ఆవిడ కోసం కొంగు సర్దుకొని నిలబడేవారో. అవేవీ తీయలేదు. తీయని ఫోటోలు కనిపించవు కాబట్టి వాటి గురించి నన్ను అడిగేవాళ్లు లేరు.

నేను నెలకోసారి చూడ్డానికి వెళ్లేదాన్ని. పండ్లు పట్టుకెళ్లేదాన్ని. చివరి రెండేళ్లు నన్ను మా అమ్మ పేరుతో పిలిచేవారు. గుర్తుపట్టే స్థితి పోయాక ఒకరోజు, గదిలో ఎవరూ లేనప్పుడు, చెబుదామనుకున్నాను. అర్థం కాదని తెలిసి చెప్పడం చెప్పడమేనా? అది కూడా దొంగతనంగానే అనిపించింది. నారింజ తొనలు ఒలిచి పెట్టి వచ్చేశాను.

మొన్నటి చలికాలంలో మేడమ్ పోయారు. పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక ఆవిడ తమ్ముడు నా పక్కన కుర్చీ లాక్కొని కూర్చున్నారు.

"అక్క సంగతి అక్కకే ముందు తెలిసిందమ్మా. డాక్టర్లకి కూడా దొరకలేదు, తను ఫోటోలు చూసి కనిపెట్టింది. ఒకళ్లు చెప్పక్కర్లేకుండా అన్నీ తనే మానుకుంది. అలాంటి మనుషులు ఎక్కడుంటారు చెప్పు?"

ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. అక్క గురించి ఆయనకి మిగిలిన గర్వం అది. నేను తల ఊపాను. ఆ ఊపడం నా మూడో అబద్ధం. లేక నాలుగోదా? ఆయన దగ్గరి నుంచి ఆ గర్వాన్ని లాక్కోకూడదని ఊపానా, నన్ను నేను కాపాడుకోవడానికి ఊపానా? రెండూ ఒకే తల ఊపులో ఉన్నాయి. వేరు చేయడం నా వల్ల కావడం లేదు.

ఇంటికి వచ్చాక వారం రోజులు ల్యాబ్‌లో ఏ పని చేసినా చేయి ఆగిపోయేది. ప్రతి పరికరాన్నీ విప్పే ముందు, దీన్ని నేను ఎవరి కోసం విప్పుతున్నాను అని నన్ను నేనే అడుగుతున్నాను. ఆలస్యంగా వచ్చిన బుద్ధి. దానివల్ల ఎవరికీ లాభం లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి లేరు, ఉన్నప్పుడు నేను అడగలేదు. నేను ఒక్క వాక్యం బయటికి చెప్పాలి, అంతే. తొమ్మిదేళ్ల క్రితం ఆ ప్రింట్ల బల్ల ముందు చెప్పాల్సిన వాక్యం.

మేడమ్, మీ చెయ్యి తప్పలేదు. ఒక్కసారి కూడా తప్పలేదు.

రాశాను. ఇన్నాళ్లూ ఇది ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.